గ్రీన్ టైరు కొనాలా? ముందు పాత టైరులో గాలి చూసుకోండి

మొన్న ఒక ఫ్రెండ్ టైర్ల ప్రకటన ఒకటి పంపాడు. "ఇందులో సగానికి పైగా పర్యావరణానికి మేలు చేసే సరుకేనట, నా కారుకున్నవి పీకేసి ఇవి వేయించనా?" అని అడిగాడు. వాడి టైర్లు ఇంకా సగం కూడా అరగలేదు. వద్దురా బాబూ అన్నాను. ఇంకా బోలెడు కిలోమీటర్లు నడిచే టైరును మధ్యలో తీసి పారేసి, దాని బదులు ఇంకోటి తయారు చేయించడం ఏ లెక్కన చూసినా పర్యావరణానికి మేలు కాదు, కొత్తది ఎంత పచ్చటిదైనా సరే.

అలాగని ఈ కొత్త రకం టైర్లన్నీ ఉత్త ప్రచారమే అని కొట్టిపారేయలేం. గత పదేళ్లలో టైర్ల తయారీలో నిజంగానే చాలా మారింది. ఏది పని, ఏది ప్రచారం అన్నది ఎలా తేల్చుకోవాలో, కొన్నాక ఎలా వాడుకోవాలో నాకు తెలిసినంత రాస్తున్నా. నా లెక్కలో వరస ఇదీ: ముందు ఉన్న టైరును పూర్తిగా వాడుకోవాలి, తర్వాత తేలిగ్గా దొర్లేది, ఎక్కువ కాలం మన్నేది చూసి ఎంచుకోవాలి, దేనితో తయారైందన్నది ఆ తర్వాత. ప్రకటనల్లో మాత్రం ఆఖరిదే అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

టైరంటే ఉత్త రబ్బరు కాదు

కారు టైరు ఒకటి పది కిలోల దాకా తూగితే, అందులో చెట్టు నుంచి వచ్చిన రబ్బరు ఐదో వంతు దాటడం అరుదు. మిగతాదంతా పెట్రోలియం నుంచి తీసిన సింథటిక్ రబ్బరు, రబ్బరుకు గట్టిదనం ఇచ్చే కార్బన్ బ్లాక్ (టైరు నల్లగా ఉండేది దీనివల్లే), సిలికా, స్టీలు తీగలు, పాలిస్టర్ నైలాన్ దారాలు, నూనెలు, గంధకం, జింక్ ఆక్సైడ్, ఇంకా రకరకాల రసాయనాలు. కార్బన్ బ్లాక్ అంటే ఏమీ లేదు, చిక్కటి చమురును చాలీచాలని గాలిలో మండించి పట్టిన మసి.

ఇన్నిటినీ కలిపి గంధకంతో ఉడికిస్తే రబ్బరు పోగులు ఒకదానికొకటి ముడిపడిపోతాయి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన వల్కనైజేషన్ అంటే అదే. ఆ ముడి వల్లే టైరు ఎండకు కరగదు, చలికి పెళుసుబారదు. ఆ ముడి వల్లే పాత టైరును కరిగించి కొత్త టైరు పోయడం కూడా కుదరదు. కాల్చిన కుండను ఎన్నాళ్ళు నానబెట్టినా మళ్ళీ మట్టిముద్ద కాదు కదా, ఇదీ అంతే. ప్లాస్టిక్ సీసాలా, ఇనప ముక్కలా టైరు రీసైకిల్ కాకపోవడానికి అసలు కారణం ఇక్కడుంది. అందుకే కంపెనీలు రెండో దారి పట్టాయి: లోపలికి వెళ్ళే సరుకునే ఒక్కొక్కటిగా మార్చడం.

వడ్ల ఊక సంగతి చూడండి. ఊకను కాల్చితే వచ్చే బూడిదలో సిలికా దండిగా ఉంటుంది, దాన్ని శుద్ధి చేసి ఇసుక నుంచి తీసే సిలికా బదులు వాడుతున్నారు. టైర్ల ప్రకటనల్లో ఊకదంపుడు ఎక్కువే గానీ, ఊక మాత్రం అబద్ధం కాదు. గుడ్‌ఇయర్ కంపెనీ 2017 నుంచి కొన్ని టైర్లలో పెట్రోలియం నూనె బదులు సోయా నూనె వాడుతోంది. చలిలో కూడా రబ్బరు మెత్తగా ఉండటానికి అది పనికొస్తుంది. కాంటినెంటల్ పాత నీళ్ళ సీసాల ప్లాస్టిక్ నుంచి పాలిస్టర్ దారం తీసి టైరు లోపలి పొరల్లో పెడుతోంది. పాత టైర్లను గాలి తగలకుండా బాగా వేడి చేసి, అందులోంచి వచ్చిన నూనెనూ కార్బన్ బ్లాక్‌నూ మళ్ళీ వాడే పద్ధతి కూడా ఊపందుకుంటోంది, దాన్ని పైరాలిసిస్ అంటారు. అలా వచ్చిన కార్బన్ బ్లాక్‌లో పాత టైరు బూడిద కొంత కలిసే ఉంటుంది కాబట్టి కొత్తదానికి అన్నిచోట్లా సాటి రాదు, కొంత శాతమే కలపగలుగుతారు.

రబ్బరు కోసం వేరే మొక్కలను వెతకడం నాకు ఇందులో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే పని. ఇప్పుడున్న సహజ రబ్బరు దాదాపు అంతా ఒకే ఒక్క జాతి చెట్టుది, హేవియా. అది భూమధ్యరేఖకు అటూ ఇటూ వేడీ తేమా ఉన్న చోటే బాగా పెరుగుతుంది. తోటలు పెంచాలంటే చాలాచోట్ల అడవి కొట్టాల్సి వస్తుంది. దాని సొంత ఊరైన దక్షిణ అమెరికాలో ఆకు తెగులు వల్ల పెద్ద తోటలు నిలబడనే లేదు. అందుకని బ్రిడ్జ్‌స్టోన్ అమెరికాలోని అరిజోనా ఎడారిలో గ్వాయూలే అనే పొదను పెంచి దాని రబ్బరుతో చేసిన రేసింగ్ టైర్లను 2022లో అక్కడి ఇండీకార్ కారు రేసుల్లోకి దింపింది. కాంటినెంటల్ ఒక రకం డాండెలియన్ మొక్క వేళ్ళ నుంచి రబ్బరు తీసి 2019లో సైకిల్ టైరు అమ్మకానికి పెట్టింది. ఆ మొక్కనే రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సోవియట్ యూనియన్ పొలాల కొద్దీ సాగు చేసింది. అంటే ఆలోచన పాతదే, కొత్తగా పట్టించుకుంటున్నారు.

ఆ శాతాన్ని ఎలా చదవాలి

2023లో కాంటినెంటల్ అల్ట్రాకాంటాక్ట్ ఎన్ఎక్స్‌టీ అనే టైరును "65 శాతం వరకు" పునరుత్పాదక, రీసైకిల్ పదార్థాలతో అంటూ తెచ్చింది. అదే ఏడాది పిరెల్లీ పీ జీరో ఇ "55 శాతానికి పైగా" అంది. గుడ్‌ఇయర్ 2023 జనవరిలో 90 శాతం టైరును చూపించింది గానీ అది అప్పటికి నమూనా, అమ్మకానికి కాదు. మిషెలిన్ 2030కి 40 శాతం, 2050కి 100 శాతం చేరతామని లక్ష్యం పెట్టుకుంది. ఈ అంకెలు చూసినప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి, మామూలు టైరులో కూడా సహజ రబ్బరు ఉంటుంది, అది చెట్టు నుంచి వస్తుంది కాబట్టి అదీ ఈ లెక్కలోకే వస్తుంది. స్టీలులో రీసైకిల్ భాగం ఉంటే అదీ కలుస్తుంది. అంటే ఎవరైనా 20, 25 శాతం అని డప్పు కొడుతుంటే వాళ్ళు కొత్తగా చేసింది పెద్దగా ఏమీ లేకపోవచ్చు. సగం దాటిందంటే మాత్రం లోపల నిజంగానే ఏదో మారిందని అర్థం.

రెండోది మాస్ బ్యాలెన్స్. ఈ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి. ఒక పెద్ద ట్యాంకులోకి రెండు పైపులు వస్తున్నాయనుకోండి, ఒకదాంట్లోంచి పెట్రోలియం సరుకు, ఇంకోదాంట్లోంచి మొక్కల నుంచో చెత్త నుంచో వచ్చిన సరుకు. లోపల రెండూ కలిసిపోతాయి. బయటికి వచ్చినప్పుడు ఏ చుక్క ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. అందుకని లోపలికి పచ్చ సరుకు ఎంత వెళ్ళిందో అంత మేరకు "ఇది పచ్చది" అని ఏదో ఒక వస్తువు ఖాతాలో రాసుకోవచ్చు, దాన్ని ఐఎస్‌సీసీ ప్లస్ లాంటి ధ్రువీకరణ పద్ధతుల కింద బయటివాళ్ళు తనిఖీ చేస్తారు. ఇది మోసం కాదు, పెద్ద ఫ్యాక్టరీలను రాత్రికి రాత్రి మార్చలేరు కాబట్టి ఇదొక మధ్యే మార్గం. కానీ మీ చేతిలో ఉన్న టైరులో ఆ పదార్థం అచ్చంగా అంతే ఉందని మాత్రం కాదు.

మూడోది "వరకు" అనే మాట. ఒకే మోడల్‌లో సైజును బట్టి శాతం మారుతుంది. మీ సైజుకు ఎంతో అడగండి, చెప్పలేకపోతే ఆ పెద్ద అంకెను మర్చిపోండి.

సహజ రబ్బరు ఎక్కడిదన్నది ఇంకో విషయం. పిరెల్లీ 2021లో బీఎమ్‌డబ్ల్యూ ఎక్స్5 హైబ్రిడ్ కోసం ఎఫ్‌ఎస్‌సీ ధ్రువీకరణ ఉన్న టైరు తెచ్చింది, అంటే అందులోని రబ్బరు బాధ్యతగా నడిపే తోటల నుంచి వచ్చిందని బయటి సంస్థ చూసి ముద్ర వేసినట్టు. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద ఎఫ్‌ఎస్‌సీ గుర్తు కనిపిస్తే నేనైతే దానికి మార్కులు వేస్తాను. "ప్రకృతి హితం", "ఎకో" లాంటి మాటలకు మాత్రం సున్నా.

దొర్లడం దగ్గరే అసలు లెక్క

టైరు జీవితకాలంలో పర్యావరణానికి కలిగించే భారంలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలో కాదు, మీ కారు కింద తిరుగుతున్నప్పుడే జరుగుతుంది. ఇది చాలామందికి తెలియదు. టైరు నేలను తాకిన చోట నొక్కుకుపోతుంది, పైకి లేవగానే మళ్ళీ గుండ్రంగా అవుతుంది. నిమిషానికి వందలసార్లు ఇదే తంతు. ఒక్కోసారి కొంచెం కొంచెం శక్తి వేడిగా పోతుంది. దూరం వెళ్ళి వచ్చాక టైరు మీద చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది, ఆ వెచ్చదనమంతా మీరు కొట్టించిన పెట్రోలే. మామూలు కారు తాగే ఇంధనంలో సుమారు ఐదో వంతు ఈ రోలింగ్ రెసిస్టెన్స్‌కే పోతుంది. ఎలక్ట్రిక్ కారులో ఇంజిన్ వేడి రూపంలో పోయే నష్టం లేదు కాబట్టి టైర్ల వాటా ఇంకా ఎక్కువ.

ఈ నష్టాన్ని తగ్గించిన పెద్ద మలుపు ఇప్పటిది కాదు. 1990ల మొదట్లో మిషెలిన్ ట్రెడ్‌లో (నేలను తాకే గాడుల పొరలో) కార్బన్ బ్లాక్ చాలావరకు తీసేసి సిలికా వేసింది. అంతకుముందు తేలిగ్గా దొర్లే టైరు కావాలంటే తడి రోడ్డు మీద పట్టు వదులుకోవాలి, పట్టు కావాలంటే మైలేజ్ వదులుకోవాలి. సిలికా ఆ పేచీని చాలావరకు తీర్చింది. చాలావరకే, పూర్తిగా కాదు.

కొనేటప్పుడు చూడాల్సింది టైరు లేబుల్. చాలా దేశాల్లో ఏదో ఒక రూపంలో ఇది ఉంటుంది, కొన్నిచోట్ల నక్షత్రాలు, కొన్నిచోట్ల అక్షరాలు. యూరోపియన్ యూనియన్ లేబుల్ 2012లో మొదలై 2021 మేలో మారింది, ఇప్పుడు ఎ నుంచి ఇ వరకు ఐదు తరగతులు. ఇంధనం, తడి రోడ్డు మీద పట్టు, బయటికి వచ్చే శబ్దం, ఈ మూడూ దాని మీద ఉంటాయి. కారు టైర్లలో ఎ తరగతి అంటే టన్ను బరువు మీద 6.5 కిలోలు లేదా అంతకన్నా తక్కువ దొర్లుడు నిరోధం (రోలింగ్ రెసిస్టెన్స్), ఇ తరగతి అంటే 10.6 లేదా ఆ పైన. ఈ తేడా చిన్నదేం కాదు. మీ దగ్గర ఆ లేబుల్ అంటించకపోయినా, అదే మోడల్ అదే సైజు యూరప్‌లో అమ్ముతుంటే వాళ్ళ డేటాబేస్‌లో వెతికి చూసుకోవచ్చు. పేరు ఒకటే అయినా ఒక్కోచోట రబ్బరు మిశ్రమం వేరుగా ఉండొచ్చు కాబట్టి దాన్ని వేదవాక్కుగా తీసుకోకండి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఒకసారి ఇంధనం తరగతి ఒక్కటే చూసి, మైలేజ్ పిచ్చిలో టైర్లు వేయించాను. తడి పట్టు తరగతి పక్కనే ఉంది, చూడలేదు. మొదటి వాన రోజున సిగ్నల్ దగ్గర బ్రేక్ వేస్తే కారు ఆగాల్సిన చోట ఆగకుండా గీత దాటి జారుకుంటూ పోయింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ టెన్షన్‌కి ఇవాళ ఇది రాసేవాణ్ణి కాదు. అప్పటి నుంచి నా నియమం ఒకటే: తడి పట్టులో ఎ లేదా బి లేని టైరు జోలికే పోను, అలా మిగిలిన వాటిలోనే తేలిగ్గా దొర్లేది ఏదో చూస్తాను.

ఇంకో చిన్న మాట. కొత్త టైర్లు వేయించాక మైలేజ్ తగ్గిందని కంగారు పడేవాళ్ళు ఉంటారు. అరిగిన టైరులో నలగడానికి రబ్బరు తక్కువ, కొత్తదానిలో ఎక్కువ, కాబట్టి మొదట్లో కాస్త తగ్గడం మామూలే.

గాలిలోకీ నీళ్ళలోకీ పోయే ధూళి

ట్రెడ్ అరిగింది అంటాం, మరి ఆ అరిగిన రబ్బరు ఎక్కడికి పోయింది? ఒక్కో కారు టైరు తన జీవితంలో కిలో నుంచి కిలోన్నర దాకా సన్నటి పొడిగా రాలిపోతుంది. జర్మనీ వాహనదారుల సంఘం ఏడీఏసీ కొలిస్తే నాలుగు టైర్లూ కలిపి 1,000 కిలోమీటర్లకు సగటున 120 గ్రాముల దాకా తేలింది. కొన్ని బ్రాండ్లు దానికన్నా బాగా తక్కువ, కొన్ని బాగా ఎక్కువ. ఆ పొడి రోడ్డు పక్క మట్టిలో చేరుతుంది, వాన పడితే కాలవల్లోకి, అక్కడి నుంచి నదుల్లోకి.

అమెరికా వాయవ్య తీరంలో వానలు పడగానే కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకుండానే వాగుల్లో చచ్చి తేలేవి, ఎందుకో ఏళ్ళ తరబడి అంతుబట్టలేదు. చివరికి 2020లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, వాళ్ళ సహచరులు దోషిని పట్టుకున్నారు: టైర్లలో ఉండే 6పీపీడీ అనే రసాయనం. టైరు పగుళ్ళివ్వకుండా గాలిలోని ఓజోన్‌తో అదే ముందు కలిసి టైరును కాపాడుతుంది, దాని పనే అది. అలా కలిసినప్పుడు పుట్టే 6పీపీడీ క్వినోన్ అనే పదార్థం చాలా తక్కువ మోతాదులోనే ఆ చేపలను చంపుతుంది. కాలిఫోర్నియా 2023లో టైర్లలో 6పీపీడీకి ప్రత్యామ్నాయం వెతకమని కంపెనీలకు నిబంధన పెట్టింది. అది దొరికేదాకా, ఎంత పచ్చ టైరు అని చెప్పినా ఈ రసాయనమో దీని దగ్గరి చుట్టమో అందులో ఉంటుందనే అనుకోండి. 65 శాతం టైరైనా రాలే ధూళి ధూళే.

2024లో ఆమోదించిన యూరో 7 అనే యూరప్ వాహన కాలుష్య నిబంధనల్లో మొట్టమొదటిసారి టైరు అరుగుదలకు కూడా పరిమితి పెట్టారు. అది అమల్లోకి వచ్చాక పోల్చుకోవడం సులువవుతుంది. అప్పటిదాకా ఎక్కువ కిలోమీటర్లు నడిచే టైరునే తక్కువ ధూళి టైరు అనుకోవడం తప్పితే మనకు వేరే కొలబద్ద లేదు. చాలా టైర్ల సైడ్‌వాల్ మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది, 300, 400, 500 ఇలా. ఎక్కువైతే ఎక్కువ మన్నుతుందని లెక్క. కాకపోతే అది కంపెనీ తనకు తాను ఇచ్చుకునే అంకె, కాబట్టి ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చడానికి పనికొస్తుంది గానీ వేరే వేరే కంపెనీల మధ్య అంతగా నమ్మొద్దు.

షాపులో నిలబడినప్పుడు

సైజు పెంచకండి. పెద్ద చక్రం, వెడల్పు టైరు చూడ్డానికి బావుంటుంది, నిజమే, కానీ దాంతో బరువూ నిరోధమూ పెరుగుతాయి. కారు కంపెనీ అనుమతించిన సైజుల్లో సన్నదీ చిన్నదీ తీసుకోవడమే తెలివైన పని. లోడ్ ఇండెక్స్ (ఎంత బరువు మోయగలదు), స్పీడ్ రేటింగ్ (ఎంత వేగం తట్టుకోగలదు) మాత్రం కారు పుస్తకంలో చెప్పినదానికి తగ్గకూడదు, ఇక్కడ పర్యావరణం పేరు చెప్పి రాజీ పడొద్దు.

తయారీ తేదీ చూడండి. సైడ్‌వాల్ మీద డీఓటీ అని మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి, 3524 అంటే 2024లో 35వ వారం. రెండు మూడేళ్ళు గోదాములో పడి ఉన్నదాన్ని కొత్తది అని అంటగడతారు. కొన్నిసార్లు ఆ నాలుగంకెలు టైరుకు లోపలి వైపు మాత్రమే ఉంటాయి, అందుకని బిగించకముందే చూసుకోవాలి, బిగించాక కారు కింద దూరాలి.

ఎలక్ట్రిక్ కారుంటే దానికోసం చేసిన టైరు తీసుకోవడంలో అర్థం ఉంది, ఎందుకంటే బ్యాటరీ బరువుకు, మొదటి తొక్కుకే దూసుకుపోయే లాగుడుకు మామూలు టైరు తొందరగా అరుగుతుంది. ఎక్కువ బరువు మోసే వాటి మీద హెచ్ఎల్ అని ఉంటుంది. కొన్నిటిలో శబ్దం తగ్గడానికి లోపల స్పాంజ్ అతికిస్తారు, పంక్చర్ వేయాలంటే ముందు ఆ స్పాంజ్ గీకాలి, మీ పంక్చర్ మనిషికి ఆ సంగతి తెలుసో లేదో కనుక్కోండి.

మంచు టైర్లు మంచులోనే. ఎండాకాలం వాటితో తిరిగితే ఇట్టే అరిగిపోతాయి.

బాగా చవకవి, పేరు ఎప్పుడూ విననివి తీసుకోవాలా? నేను తీసుకోను. సగం దూరానికే గుండైపోయే టైరు చవకా కాదు, పచ్చనా కాదు, ఒకటి బదులు రెండు తయారు చేయాల్సి వచ్చింది కదా. రీట్రెడ్ అంటారా, లారీలకు, బస్సులకు, విమానాలకు అది నిఖార్సైన పద్ధతి. లోపలి డొక్క అలాగే ఉంచి పై ట్రెడ్ మాత్రం కొత్తది వేస్తారు, విమానం టైర్లకైతే చాలాసార్లు వేస్తారు. కార్లకు మాత్రం మంచివి దొరకడం అరుదు.

ఇక గాలి

ఈ మొత్తంలో రూపాయి ఖర్చు లేకుండా చేయగలిగింది ఇదే, ఎవరూ చేయందీ ఇదే. పంక్చర్ లేకపోయినా టైరు నెలకు ఒక పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అటూ ఇటూగా గాలి కోల్పోతుంది. చలి పెరిగితే ఇంకా తగ్గుతుంది, సుమారు 5, 6 డిగ్రీలకు ఒక పీఎస్‌ఐ చొప్పున. గాలి తగ్గితే టైరు ఎక్కువ నలుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, రెండు అంచులూ ముందు అరిగిపోతాయి. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే మైలేజ్ 0.2 శాతం పడిపోతుంది. అంతేనా అనిపిస్తుంది. కానీ ఆర్నెల్లు చూడకుండా తిరిగినవాడి టైరులో ఎంత తగ్గి ఉంటుందో మీరే లెక్కేసుకోండి, ఎ తరగతి టైరుకు డబ్బు పోసి దాన్ని తక్కువ తరగతి టైరులా వాడుకోవడం అదే.

ఎంత పెట్టాలన్నది డ్రైవర్ తలుపు దగ్గర స్తంభం మీదో, పెట్రోల్ మూత లోపలో అంటించి ఉంటుంది. టైరు మీద రాసి ఉండేది గరిష్ఠ పరిమితి, అది చూసి పెట్టించుకోకండి, ఎక్కువైతే నడిమి భాగం అరుగుతుంది, పట్టు కూడా తగ్గుతుంది. పొద్దున్నే బండి కదపకముందు చూడాలి. పది కిలోమీటర్లు తిరిగి వెళ్ళి చూపిస్తే వేడికి గాలి పెరిగి అంకె ఎక్కువ చూపిస్తుంది, అది చూసి అంతా బాగుందనుకుని వచ్చేస్తాం. సొంతంగా చిన్న గేజ్ ఒకటి కొనుక్కోండి. డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం ఉంది కదా అంటారా, అది బాగా తగ్గాకే వెలుగుతుంది. నైట్రోజన్ పెట్టించమంటే, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, కొంచెం మెల్లగా తగ్గుతుందేమో గానీ నెలనెలా చూసుకునేవాడికి దాని అవసరం లేదు.

8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ఒకసారి టైర్లను ముందూ వెనకా మార్పించండి. డైరెక్షన్ బాణం గుర్తున్నవైతే అటు పక్కవి ఇటు పక్కకు వేయకూడదు. గుంతలో గట్టిగా పడితే అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో) చూపించండి. ట్రెడ్ మీద అరచేతిని అడ్డంగా అటోసారి ఇటోసారి రుద్ది చూడండి, ఒక వైపు నున్నగా ఇంకో వైపు రంపంలా తగిలితే అలైన్‌మెంట్ పోయినట్టే. డిక్కీలో ఎప్పుడూ మోసే అనవసరమైన సామాను దించేయండి. ఇక యాక్సిలరేటర్, బ్రేకు తొక్కుడు సంగతి మీకే తెలుసు.

ఎప్పుడు మార్చాలి? గాడుల మధ్యలో చిన్న దిమ్మెలు ఉంటాయి, ట్రెడ్ వాటితో సమానమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలాయని, చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీసం అదే. కొందరు 3 దగ్గరే మార్చేయమంటారు. వాన ముసుర్లలో వేగంగా తిరిగేవాళ్ళకు ఆ సలహా నిజమే, ఆ లోతుకు నీటిని పక్కకు తోసే శక్తి బాగా తగ్గిపోతుంది. పొడి రోజుల్లో ఊళ్ళోనే తిరిగేవాళ్ళు మాత్రం అంత తొందరపడితే వాడగలిగిన రబ్బరును పారేస్తున్నట్టే. పగుళ్ళు, ఉబ్బులు కనిపిస్తే ఈ లెక్కలేవీ లేవు, వెంటనే మార్చేయండి.

పాత టైరును ఏం చేయాలి

ప్రపంచంలో ఏటా వంద కోట్లకు పైగా టైర్లు పాతబడుతున్నాయి. వీటితో మనుషులు చేసిన తిక్క పనుల్లో పెద్దది ఫ్లోరిడా తీరంలో జరిగింది. 1972లో చేపలకు ఇళ్ళు కడతామని 20 లక్షల టైర్లను కట్టలు కట్టి సముద్రంలో దింపారు. కట్లు తెగి టైర్లు కొట్టుకుపోయి పక్కనున్న అసలు పగడపు దిబ్బలనే గుద్దాయి, ఏళ్ళ తరబడి ఈతగాళ్ళను పెట్టి వాటిని బయటికి తీయిస్తున్నారు. కెనడాలోని హాగర్స్‌విల్‌లో 1990లో కోటికి పైగా టైర్ల గుట్ట అంటుకుని 17 రోజులు కాలింది. ఒకచోట పోగేసి వదిలేస్తే ఏమవుతుందో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

కాబట్టి పాతవి ఇంటికి తెచ్చుకోకుండా, బిగించిన చోటే వదిలేసి అవి ఎక్కడికి పోతాయో అడగండి. రీసైక్లర్‌కు పోతే పొడి చేసి ఆట స్థలాల్లోనో రోడ్ల తారులోనో కలుపుతారు, లేదా ఇందాక చెప్పిన పైరాలిసిస్‌కు పోతాయి, కొన్ని సిమెంటు బట్టీల్లో బొగ్గు బదులు మండుతాయి. చివరిది అంత గొప్పదేమీ కాదు, కానీ ఆరుబయట తగలబెట్టడం కంటే వెయ్యి రెట్లు నయం. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే షాపుకే నేను మళ్ళీ వెళ్తాను. ఇంట్లో ఉంచుకోవాల్సి వస్తే లోపల వాన నీళ్ళు నిలవకుండా కప్పండి, డెంగీ దోమకు అంతకన్నా ఇష్టమైన చోటు ఇంకోటి లేదు. ఊయల చేసుకుంటే చేసుకోండి. అందులో మట్టి పోసి ఆకుకూరలు మాత్రం నేను పెంచను.

కొత్తవి వేయించిన రోజున ఓడోమీటర్ అంకె, నాలుగు టైర్ల ట్రెడ్ లోతు ఒక చిన్న పుస్తకంలో రాసి బండిలో పెట్టుకోండి. లోతు కొలిచే గేజ్ చాలా చిన్నది, ఎక్కడైనా దొరుకుతుంది. కొత్త టైరు 8 మిల్లీమీటర్లు ఉందనుకుందాం, 1.6 దాకా వాడొచ్చు కాబట్టి చేతిలో ఉన్నది 6.4. మొదటి 10,000 కిలోమీటర్లకు ఒక మిల్లీమీటరు పోయిందంటే అది 64,000 దాకా వస్తుంది. రెండు మిల్లీమీటర్లు పోతే 32,000కే సరి, అప్పుడు తప్పు టైరుదా, గాలిదా, అలైన్‌మెంట్‌దా, మీ కాలిదా అన్నది ఆ నాలుగు అంకెల మధ్య తేడా చూస్తే తెలిసిపోతుంది. నా పుస్తకంలో ముందు ఎడమ టైరు ఎప్పుడూ మిగతావాటి కంటే వెనకబడే ఉంటుంది, ఇంటి మలుపులో గట్టును రాసుకుంటూ తిప్పే అలవాటు నాదేనని మూడో పేజీకి గానీ అర్థం కాలేదు.